నర్స్ ప్రాక్టీషనర్

నర్స్ ప్రాక్టీషనర్ అనగా నర్సింగ్ పట్టా పొంది, కొంతకాలం ఆసుపత్రిలో పనిచేసి, ఆపైన ప్రత్యేకమైన ఉన్నత శిక్షణ పొందిన నర్సు. రోగిని స్వయంగా పరీక్షించుట, అవసరమైన రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు కోరుట, ముందుగా నిర్ణయించిన పద్ధతుల ప్రకారం చికిత్స ప్రారంభించుట, పరిస్థితి తన పరిధి దాటినప్పుడు వైద్యునికి అప్పగించుట ఈ వృత్తిలోని ముఖ్య బాధ్యతలు. సాధారణ నర్సు పనికి, వైద్యుని పనికి మధ్యనున్న మెట్టుగా దీనిని వర్ణిస్తుంటారు గాని, ఆ వర్ణన పూర్తిగా సరియైనది కాదు. ఇది వైద్యునిలో సగం కాదు. నర్సింగ్ శాస్త్రంలోనే పై మెట్టు. అమెరికాలో ఈ వృత్తికి అరవై సంవత్సరాల చరిత్ర ఉన్నది. భారతదేశంలో చదువు ఏర్పడినది గాని, ఉద్యోగం ఇంకా పూర్తిగా ఏర్పడలేదు. హైదరాబాదులో ఈ వృత్తిలో ప్రవేశించదలచిన విద్యార్థి మొదట గ్రహించవలసిన సంగతి ఇదే.

పేరు

తెలుగునాట నర్సుకు చాలా పేర్లున్నాయి. పట్టణ ఆసుపత్రులలో "సిస్టర్" అని పిలుస్తారు. క్రైస్తవ సన్యాసినులు ఆసుపత్రులు నడిపిన కాలం నుండి ఈ పిలుపు మిగిలిపోయింది. పురుష నర్సును అదే వరుసలో "బ్రదర్" అంటారు. పల్లెలలో టీకాలు వేసే ఏ.ఎన్.ఎం.ను "నర్సమ్మ" అంటారు. కాన్పులు చేసే సంప్రదాయ స్త్రీ "మంత్రసాని". నర్స్ ప్రాక్టీషనర్ వీరిలో ఎవరూ కాదు. ఈ పదానికి స్థిరపడిన తెలుగు మాట లేదు. "ప్రాక్టీషనర్" అనే మాట చూచి వీరు సొంతంగా క్లినిక్ పెట్టుకొనవచ్చునని కొందరు భావిస్తుంటారు. భారతదేశంలో అది నిజం కాదు.

నేపథ్యము

1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణను ప్రారంభించారు. గ్రామీణ ప్రాంతాలలో పిల్లలకు వైద్యులు దొరకకపోవడం దీనికి కారణం. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఎదుగుదలను చూచుట, చిన్న జబ్బులను గుర్తించుట, పెద్ద జబ్బును అనుమానించి పంపించుట అనుభవం కలిగిన నర్సులు చేయగలరని వారి వాదన. మొదట్లో వైద్యుల నుండే కాక నర్సింగ్ అధ్యాపకుల నుండి కూడా వ్యతిరేకత వచ్చింది. 1997లో చేసిన ఒక చట్టం వలన మెడికేర్ బీమా క్రింద వీరు చేసిన సేవకు నేరుగా రుసుము లభించసాగింది. వైద్యునికి ఇచ్చే మొత్తంలో ఇది 85 శాతం. చదువు ఏర్పడిన 32 సంవత్సరాలకు గాని ఈ ఏర్పాటు దేశమంతటా రాలేదన్నది గమనార్హం. లొరెట్టా ఫోర్డ్ 2025 జనవరిలో 104 సంవత్సరాల వయస్సులో మరణించే నాటికి అమెరికాలో మూడున్నర లక్షలకు పైగా నర్స్ ప్రాక్టీషనర్లు ఉన్నారు.

భారతదేశంలో 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం నర్స్ ప్రాక్టీషనర్ల శ్రేణిని ఏర్పరచాలని సిఫారసు చేసింది. దానికి కొద్ది ముందే భారత నర్సింగ్ మండలి క్రిటికల్ కేర్‌లో రెండు సంవత్సరాల రెసిడెన్సీ కోర్సును రూపొందించింది. 2018 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ మిడ్‌వైఫరీ సేవలపై మార్గదర్శకాలు వెలువరించి, "నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ" అనే శ్రేణిని ప్రకటించింది. కాబట్టి ఈ దేశంలో నర్స్ ప్రాక్టీషనర్ అనినప్పుడు ప్రస్తుతం ప్రధానంగా రెండు శాఖలే: ఒకటి ప్రాణాపాయంలో ఉన్న రోగి వద్ద, రెండవది కాన్పు గదిలో.

మొదటి మెట్లు

ఇంటర్మీడియట్ బైపీసీ తరువాత నాలుగు సంవత్సరాల బి.ఎస్సీ. నర్సింగ్ ఈ వృత్తికి రాజమార్గం. మూడు సంవత్సరాల జి.ఎన్.ఎం. డిప్లొమా చేసినవారు రెండు సంవత్సరాల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. పూర్తి చేసి అదే స్థాయికి చేరవచ్చు. తెలంగాణలో నర్సింగ్ డిగ్రీ కళాశాలలు వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోను, ఆంధ్ర ప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోను ఉన్నాయి. హైదరాబాదులో సోమాజిగూడలోని ప్రభుత్వ నర్సింగ్ కళాశాల, పంజాగుట్టలోని నిమ్స్ నర్సింగ్ కళాశాల ప్రభుత్వ రంగంలో పేరు కలిగినవి.

పట్టా చేతికి వచ్చిన తరువాత రాష్ట్ర నర్సింగ్ మండలిలో పేరు నమోదు చేసుకొనాలి. నమోదు లేనిదే నర్సుగా పనిచేయుటకు వీలులేదు. వేరే రాష్ట్రంలో చదివి హైదరాబాదుకు వచ్చినవారు ఇక్కడి మండలికి నమోదును మార్చుకొనవలసి ఉంటుంది. విద్యార్థులు దీనిని చిన్న పనిగా భావించి వాయిదా వేస్తుంటారు. తరువాత రెసిడెన్సీకి గాని విదేశానికి గాని దరఖాస్తు చేసేటప్పుడు ఈ జాప్యమే నెలల కాలం తినివేస్తుంది.

శేరిలింగంపల్లి ప్రాంతము

రంగారెడ్డి జిల్లాలోని శేరిలింగంపల్లి ఒకప్పుడు హైదరాబాదు శివారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంత స్వరూపమే మారిపోయింది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైంది. సాఫ్ట్‌వేర్ కార్యాలయాల వెనుకనే పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు వచ్చాయి. గచ్చిబౌలిలో ఏ.ఐ.జి., నానక్‌రామ్‌గూడలో కాంటినెంటల్, కొండాపూర్‌లో కిమ్స్, మాదాపూర్‌లో మెడికవర్, నల్లగండ్లలో సిటిజన్స్ వీటిలో కొన్ని. ప్రభుత్వ రంగంలో కొండాపూర్ ఆసుపత్రి చుట్టుపక్కల భవన నిర్మాణ కార్మికులకు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలకు ముఖ్య ఆధారం. 2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని బహుళ అంతస్తుల భవనాన్ని కొద్ది వారాలలో కోవిడ్ ఆసుపత్రిగా మార్చి "టిమ్స్" అని పేరు పెట్టారు. మంచాలు, గొట్టాలు తొందరగానే అమర్చవచ్చునని, వెంటిలేటర్ వద్ద నిలబడగల నర్సును తయారు చేయుటకు సంవత్సరాలు పట్టుననీ ఆ కాలంలో దేశమంతటికీ తెలిసివచ్చింది.

ఈ ప్రాంతపు ఆసుపత్రులలో తెలుగు జిల్లాల వారితో పాటు కేరళ, ఈశాన్య రాష్ట్రాల నర్సులు కూడా పనిచేస్తుంటారు. చాలామంది ఆసుపత్రి వసతి గృహాలలోనో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుండే హాస్టళ్ళలోనో ఉంటారు. నగరంలో అద్దె పెరుగుదల ఇద్దరికీ ఒకటే గాని జీతం ఒకటి కాదు. అయినను వృత్తిలో ఎదగదలచిన నర్సుకు ఈ ప్రాంతం మంచి పాఠశాల. కాలేయ మార్పిడి, గుండె శస్త్రచికిత్స, క్యాన్సర్ వంటి కష్టమైన కేసులు ఒకే చోట చూచే అవకాశం ఇక్కడ దొరుకుతుంది. ఐసీయూలో గడిపిన తొలి రెండు మూడు సంవత్సరాలు తరువాతి చదువుకు పెట్టుబడి వంటివి.

క్రిటికల్ కేర్ శాఖ

"నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్" రెండు సంవత్సరాల స్నాతకోత్తర రెసిడెన్సీ. బి.ఎస్సీ. నర్సింగ్ పట్టా, నర్సింగ్ మండలిలో నమోదు, కనీసం ఒక సంవత్సరం ఆసుపత్రి అనుభవం ఉండవలెను. ఆ అనుభవం ఐసీయూలో అయితే మేలు. సాధారణ ఎం.ఎస్సీ. నర్సింగ్‌కు దీనికి గల తేడా బోధనా పద్ధతిలో ఉన్నది. ఇందులో తరగతి బోధన, నైపుణ్య ప్రయోగశాల కలిపి 20 శాతమే. తక్కిన 80 శాతం రోగి మంచం ప్రక్కనే జరుగుతుంది. విద్యార్థి ఆసుపత్రి రెసిడెంటు వలె రాత్రి డ్యూటీలతో సహా పనిచేస్తూ, చేసిన ప్రతి ప్రక్రియను లాగ్‌బుక్‌లో నమోదు చేసి అధ్యాపకునితో సంతకం చేయించుకొనాలి. ఒక పరిశోధనా వ్యాసం కూడా సమర్పించాలి.

పాఠ్యాంశాలలో మూడింటిని ఈ కోర్సుకు పునాది రాళ్ళుగా చెప్పవచ్చు. అవి ఉన్నత రోగ శరీరధర్మ శాస్త్రం, ఉన్నత ఔషధ శాస్త్రం, ఉన్నత ఆరోగ్య పరీక్షా విధానం. మొదటిది జబ్బు శరీరంలో ఏ విధంగా నడుస్తున్నదో చెబుతుంది. రెండవది మందు ఏ విధంగా నడుస్తుందో చెబుతుంది. మూడవది చేతితో, చెవితో, కంటితో రోగిని చదువుట నేర్పుతుంది. నర్సింగ్ డిగ్రీలో ఇవి లేకపోలేదు. కాని అక్కడ "ఏమి చేయాలి" అన్నది ప్రధానం, ఇక్కడ "ఎందుకు, ఎప్పుడు" అన్నది ప్రధానం.

ఈ తేడాను ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో చేరిన, 60 కిలోల బరువు గల రోగికి రాత్రి రెండు గంటలకు రక్తపోటు పడిపోతున్నది. నాడి వేగంగా కొట్టుకొంటున్నది, మూత్రం తగ్గింది, మనిషి అయోమయంగా మాట్లాడుతున్నాడు. స్టాఫ్ నర్సు బాధ్యత ఈ మార్పును గుర్తించి వెంటనే తెలియజేయుట. నర్స్ ప్రాక్టీషనర్ వచ్చి పరీక్షించి, ఇది ఇన్ఫెక్షన్ వలన రక్తప్రసరణ కుప్పకూలుట కావచ్చునని అనుమానిస్తారు. ఆసుపత్రి లిఖిత పద్ధతి ప్రకారం లాక్టేట్ పరీక్షకు, కల్చర్‌కు రక్తం తీయిస్తారు. మొదటి మోతాదు యాంటీబయాటిక్ గంటలోపు పడేటట్లు చూస్తారు. కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున, అనగా ఈ రోగికి సుమారు 1800 మిల్లీలీటర్ల సెలైన్ వంటి ద్రవాన్ని మూడు గంటలలో ఎక్కించాలని సాధారణ మార్గదర్శకం. కాని రోగి గుండె బలహీనమైనదైతే అంత ద్రవం ఊపిరితిత్తులలోనికి చేరి ముప్పు తెస్తుంది. ఆ సంగతి ముందే పసిగట్టి, సగటు ధమనీ పీడనం 65 మిల్లీమీటర్లకు చేరేటట్లు నోరడ్రినలిన్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంటెన్సివిస్టుతో మాట్లాడి నిర్ణయం తీసుకొనే దశకు పరిస్థితిని తీసుకురావడం నర్స్ ప్రాక్టీషనర్ పని. వైద్యుడు వచ్చే లోపు వ్యర్థమయ్యే అరగంటను మిగిల్చుటలోనే ఈ వృత్తి విలువ ఉన్నది.

ఈ పనులన్నీ ఆసుపత్రి ఆమోదించిన లిఖిత ప్రోటోకాల్ లేదా స్టాండింగ్ ఆర్డర్‌కు లోబడి జరుగుతాయి. ప్రోటోకాల్ లేని ఆసుపత్రిలో ఎంత చదివిన నర్స్ ప్రాక్టీషనర్ అయినా మరొక స్టాఫ్ నర్సుగానే మిగిలిపోతారు. కనుక కోర్సులో చేరేముందు ఆ ఆసుపత్రిలో ఇంతకుముందు చదివి వెళ్ళినవారు ఏ హోదాలో పనిచేస్తున్నారో విచారించుట అవసరం. ఫీజు ఎంత, స్టైపెండ్ ఎంత అన్న ప్రశ్నల కంటే ఇది పెద్ద ప్రశ్న.

మిడ్‌వైఫరీ శాఖ

ఈ శాఖ చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉన్నది. 1948లో బొగ్గులకుంటలో రెండు మంచాల నర్సింగ్ హోముగా మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలో 2011లో నర్సులకు వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్ లతో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ మొదలైంది. మొదటి జట్టులో 30 మంది చేరి, 2019లో పూర్తి చేశారు. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలలో కూడా శిక్షణ కాలం 18 నెలలే. రాష్ట్రంలోనే నడుస్తున్న ప్రయోగం దేశ విధానంతో ఒకే కాలంలో సాగుట అరుదైన సంగతి.

ఈ శిక్షణ తెలంగాణలో ఎందుకు అవసరమైనదో ఒక లెక్క చెబుతుంది. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్ ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రులలో ఇది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం. దేశ సగటు 21.5 శాతం. జనాభా స్థాయిలో సిజేరియన్లు 10 శాతం దాటిన తరువాత తల్లుల, శిశువుల మరణాలు మరింత తగ్గిన దాఖలాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అవసరమైన చోట ఆపరేషన్ ప్రాణదానమే. అవసరం లేని చోట తల్లికి గాయం, తరువాతి కాన్పుకు చిక్కు. ముహూర్తం చూచి కోత పెట్టించుకొనే అలవాటు, నొప్పుల భయం, రాత్రివేళ వేచి ఉండుటకు సిబ్బంది లేకపోవడం - ఇవన్నీ కలిసి ఈ అంకెను పెంచాయి.

మిడ్‌వైఫ్ పనిలో అధిక భాగం వేచి ఉండుట, గమనించుట. గర్భిణిని మంచంపై వెల్లకిలా పడుకోబెట్టకుండా నడవనిస్తారు, నీరు త్రాగనిస్తారు, తల్లినో భర్తనో తోడుగా ఉండనిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల ప్రకారం గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకొన్న తరువాతనే చురుకైన నొప్పులు మొదలైనట్లు లెక్క. అంతకు ముందే "కాన్పు ముందుకు సాగడం లేదు" అని తొందరపడకూడదు. శిశువు గుండెచప్పుడును మొదటి దశలో 15 నుండి 30 నిమిషాలకు ఒకసారి, రెండవ దశలో 5 నిమిషాలకు ఒకసారి వింటారు. నిమిషానికి 110 నుండి 160 వరకు ఉంటే సాధారణం. కాన్పు మార్గం వద్ద కోతను అలవాటుగా పెట్టరు. బిడ్డ పుట్టగానే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు. అధిక రక్తస్రావాన్ని, బిడ్డ భుజం చిక్కుకొనుటను గుర్తించి ఎదుర్కొనుట శిక్షణలో ముఖ్య భాగం. అధిక రక్తపోటు, పూర్వపు ఆపరేషన్, కవలలు వంటి ముప్పు ఉన్న గర్భిణులను ప్రసూతి వైద్యునికి అప్పగిస్తారు.

మంత్రసాని చేసిన పనే ఇది కదా అని పెద్దలు అడుగుతుంటారు. ఓర్పు వరకు పోలిక సరియే. మంత్రసానికి ప్రమాదాన్ని అంకెలలో పట్టుకొనే సాధనం, తలుపు అవతల ఆపరేషన్ థియేటర్ లేవు.

గ్రామ, బస్తీ స్థాయిలో

2018లో ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద ఉపకేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా మార్చినప్పుడు "కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్" అనే పోస్టు ఏర్పడినది. నర్సులు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి ఇందులో చేరారు. తరువాత ఆ పాఠాలను బి.ఎస్సీ. నర్సింగ్‌లోనే చేర్చారు. ఆంధ్ర ప్రదేశ్‌లో వీరిని ఎం.ఎల్.హెచ్.పి.లు అంటారు. రక్తపోటు, మధుమేహం పరీక్షించుట, నిర్ణీత జాబితాలోని మందులు పంచుట, ఫోను ద్వారా వైద్యుని సలహా తీసుకొనుట వీరి పని. పేరు నర్స్ ప్రాక్టీషనర్ కాకపోయినా పని తీరులో ఆ భావనకు ఇదే దగ్గరగా ఉన్నది. తెలంగాణలోని పల్లె దవాఖానాలలో ఈ స్థాయి పోస్టులకు వైద్యులను కూడా తీసుకొన్నారు. 2018 నుండి హైదరాబాదులో వెలసిన బస్తీ దవాఖానాలు మాత్రం వైద్యుని ఆధ్వర్యంలో నడిచేవే. అక్కడ నర్సు సహాయకురాలు.

చట్టపరమైన పరిమితులు

ఔషధ నియమావళి, 1945లోని 65వ నియమం ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులను నమోదిత వైద్యుని చీటీపై మాత్రమే అమ్మాలి. నర్సు వ్రాసిన చీటీకి మందుల దుకాణంలో విలువ లేదు. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 32వ సెక్షన్ "కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్"కు ప్రాథమిక వైద్యంలో పరిమిత అనుమతి ఇచ్చే వీలు కల్పించింది. ఇది ఆధునిక వైద్యంతో సంబంధమున్న వృత్తుల వారి కోసం ఉద్దేశించినది. దీనిపై వైద్య సంఘాలు తీవ్రంగా అభ్యంతరం తెలిపాయి. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. ఇది 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టం స్థానంలో తెచ్చినది.

వైద్య సంఘాల భయంలో కొంత న్యాయం లేకపోలేదు. అరకొర చదువుతో వైద్యం చేసే ఆర్.ఎం.పి.ల అనుభవం తెలుగు గ్రామాలకు కొత్త కాదు. అయితే నాలుగు సంవత్సరాల డిగ్రీ, అనుభవం, ఆపై రెండు సంవత్సరాల రెసిడెన్సీ పూర్తి చేసిన వ్యక్తిని అదే గాటన కట్టుట సమంజసం కాదు.

జీతభత్యాలు

ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల జీతాలపై 2016 జనవరిలో సుప్రీం కోర్టు ఆదేశం మేరకు కేంద్రం నిపుణుల సంఘాన్ని వేసింది. 200 మంచాలకు మించిన ఆసుపత్రులు ప్రభుత్వ నర్సుతో సమానమైన జీతం ఇవ్వాలని, 100కు మించి ఉన్నవి 10 శాతానికి మించి, 50 నుండి 100 వరకు ఉన్నవి 25 శాతానికి మించి తగ్గించరాదని, అంతకంటే చిన్నవి కూడా నెలకు రూ. 20,000 తక్కువ కాకుండా ఇవ్వాలని ఆ సంఘం సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాలకు వదిలివేయబడినది. నర్స్ ప్రాక్టీషనర్‌కు ప్రత్యేక వేతన శ్రేణి గురించి అందులో ఏమీ లేదు. ఫలితంగా రెసిడెన్సీ పూర్తి చేసినవారు నర్సింగ్ అధ్యాపకులుగానో, ఐసీయూ ఇన్‌ఛార్జిగానో, ఇన్ఫెక్షన్ నియంత్రణ నర్సుగానో స్థిరపడుట సాధారణం. ఉద్యోగంలో చేరేటప్పుడు నియామక పత్రంలో హోదా, విధులు స్పష్టంగా వ్రాయించుకొనుట, అసలు సర్టిఫికెట్లు యాజమాన్యం వద్ద వదలకుండుట అనుభవజ్ఞులు చెప్పే జాగ్రత్తలు.

విదేశాలలో

తెలుగు నర్సులు అమెరికా వెళ్ళుటకు ఎన్‌క్లెక్స్-ఆర్.ఎన్. పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. ఈ పరీక్షా కేంద్రం హైదరాబాదులో కూడా కలదు. అక్కడ రిజిస్టర్డ్ నర్సుగా చేరిన తరువాత మాస్టర్స్ లేదా డాక్టరేట్ చేసి, జాతీయ ధ్రువీకరణ పరీక్ష వ్రాసి నర్స్ ప్రాక్టీషనర్ కావచ్చు. శిక్షణలో 500 గంటల ప్రత్యక్ష రోగి సేవ కనీస నియమంగా ఉండేది. 2022లో సవరించిన ప్రమాణాలు దానిని 750 గంటలకు పెంచాయి. కుటుంబ ఆరోగ్య శాఖను ఎక్కువమంది ఎంచుకొంటారు. సగానికి పైగా రాష్ట్రాలలో వీరు వైద్యుని పర్యవేక్షణ లేకుండానే మందులు వ్రాయవచ్చు. భారతదేశంలో చేసిన రెసిడెన్సీ అక్కడి నర్స్ ప్రాక్టీషనర్ లైసెన్సుకు సరిపోదు. చదువు మళ్ళీ అక్కడే చేయవలెను.

బ్రిటన్‌లో నర్సింగ్, మిడ్‌వైఫరీ మండలి ఆమోదించిన అదనపు కోర్సు చేసిన నర్సులు మందుల చీటీ వ్రాయవచ్చు. జర్మనీకి వెళ్ళువారికి భాషా పరీక్ష తప్పనిసరి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ "టామ్‌కామ్" నర్సులకు జర్మన్, జపనీస్ భాషలలో శిక్షణ ఇప్పించి విదేశాలకు పంపుతున్నది. ప్రైవేటు ఏజెంట్లను ఆశ్రయించేవారు ఆ ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ జాబితాలో చూచుకొనవచ్చు.